కొత్త ఎస్‌యూవీలో ఖాజా కూతురి పెళ్లి బిర్యానీ

ఒక పెళ్లిలో నూటయాభై మందిని ఆకలితో మాడ్చబోయిన ఘనుణ్ణి నేనే. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం రెండేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది. నా కొత్త ఎస్‌యూవీ మీద, "ఇది ఎక్కడికైనా పోతది సార్" అని దాన్ని నాకు అంటగట్టిన సేల్స్‌మన్ మీద, అందరికంటే ఎక్కువగా నా మీద.

మెట్టుగూడలో మెకానిక్ ఖాజా నా పాత దోస్తు. అతనికి వాళ్ల నాన్న కాలం నాటి జీపు ఉంది. తలుపుల్లేవు, ఏసీ లేదు, స్టార్ట్ చేస్తే పక్క గల్లీ కూడా ఉలిక్కిపడుతుంది. కూతురి నికా మౌలాలి దాటాక ఒక తోటలో పెట్టుకున్నాడు. వంట మాత్రం మెట్టుగూడలోనే. రెండు పెద్ద డేగిసాల బిర్యానీ మధ్యాహ్నం రెండింటికల్లా తోటకు చేరాలి. వాటిని జీపులోకి ఎక్కిస్తుంటే నేను అడ్డం పడ్డాను.

"ఈ డొక్కు జీప్ల పెడ్తవా? ఈ కుదుపులకు మూత చుట్టూ పెట్టిన పిండి పగిలి దమ్ము పోతది. నా బండ్ల పెట్టు ఖాజా భాయ్!"

"రాత్రి వాన పడ్డదన్నా. తోట తొవ్వంత నల్లమట్టి."

"అయితే ఏంది? ఇటు చూడు!" అని గేరు పక్కనున్న గుండ్రటి మీట చూపించాను. దాని మీద బురద బొమ్మ, ఇసుక బొమ్మ, మంచు బొమ్మ. సికింద్రాబాద్‌లో మంచెక్కడ కురుస్తుందని ఈ మారేడ్‌పల్లి మేధావి, అంటే నేనే, ఒక్కసారైనా ఆలోచించాడా? లేదు.

"బిడ్డ పెండ్లన్నా. నా ఇజ్జత్ సవాల్" అన్నాడు ఖాజా.

"జిమ్మేదారి నాది" అన్నాను ఛాతీ విరుచుకుని. డేగిసాలు నా డిక్కీలో పెట్టుకుని బయల్దేరాను.

తోట ఇంకా అర కిలోమీటరు ఉందనగా బండి దిగబడింది. మీట బురద బొమ్మ మీదికి తిప్పాను. స్క్రీన్ మీద రంగురంగుల దీపాలు వెలిగాయి. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. బండి మాత్రం ఇంకో జానెడు లోపలికి పోయింది.

వెనకాలే ఇద్దరు వంటవాళ్లతో జీపులో వస్తున్న ఖాజా, కొత్త షేర్వానీతోనే వంగి బండి కిందికి చూశాడు.

"అన్నా, దీనికి ఫోర్ వీల్ ఉన్నదని ఎవడు చెప్పిండు?"

"బొమ్మ ఉన్నది కద!"

"బొమ్మనే ఉన్నది. ఎనుక చక్రాలకు షాఫ్టే లేదు. అవి ఉత్తగ ఎంబడొస్తున్నయి."

కొన్నప్పటినుంచీ ఆఫీసులో కనబడ్డవాడికల్లా ఫోర్ బై ఫోర్ అని కోతలు కోశాను! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గంతా కోపమై ఖాజా మీదే అరిచాను.

"నిలబడి చూస్తవేంది? తాడు కట్టి గుంజు!"

"కడ్త. హుక్ యాడున్నది?"

బండితో ఇచ్చిన పుస్తకం తిరగేశాను. హుక్కు డిక్కీ అడుగున, పనిముట్లతో పాటు ఉందట. దాని పైన? పొగలు కక్కే రెండు డేగిసాలు! బురదలో పడ్డప్పుడు కావలసిన వస్తువును సామాను కింద దాచిన మహానుభావుడెవరో దొరికితే అదే బురదలో పాతిపెట్టేవాణ్ణి.

అంతలో ఖాజా ఫోన్ మోగింది. అతని భార్య అవతలి నుంచి అరుస్తోంది. "ఏడున్నరు? పెండ్లికొడుకు దిక్కోళ్లు చేతులు గడుగుతున్నరు!"

నలుగురం చేతులు కాల్చుకుంటూ డేగిసాలు దించాం. నేను తల దూర్చి హుక్కు పట్టుకుని విజయగర్వంతో లేచేసరికి, డేగిసాలు జీపులో ఉన్నాయి.

"మరి నా బండి?"

"ముందు బిర్యానీ అన్నా. నీ బండి యాడికీ పోదు."

"కనీసం నన్నన్న ఎక్కించుకో!"

"జాగా లేదు. ఎనుక నిలబడి మూతలు పట్టుకో."

ఖాజా గేరు పక్కనున్న చిన్న ఫోర్ వీల్ కడ్డీని లాగాడు. జీపు గేదెలా నింపాదిగా బురదలోంచి నడిచింది. చక్రాలు చిమ్మిన బురదంతా పెళ్లికని వేసుకున్న నా కొత్త బట్టల మీదే పడింది.

తోటలో దిగగానే పెళ్లికొడుకు తండ్రి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం మియా, గింత లేటా? జల్ది వడ్డించుడు షురూ చెయ్!"

నన్ను వంటవాళ్లలో ఒకణ్ణనుకున్నాడు! ఖాజా వైపు చూశాను. దుర్మార్గుడు, మొహం అటు తిప్పుకున్నాడు. తప్పు నాది, నోరు మూసుకుని గరిటె అందుకున్నాను. నూటయాభై మందికీ నేనే వడ్డించాను.

చివర్లో ఆ పెద్దాయన ఖాజా భుజం తట్టాడు. "మనిషి మంచిగ వడ్డించిండు. మా ఇంట్ల ఇచ్చే వలీమా దావత్‌కు సుత ఈయన్నే పిలువుండ్రి."

"తప్పకుండ సాబ్" అన్నాడు ఖాజా. "బండి మాత్రం మనమే పంపాలె."

కనుక పాఠకమహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పరాయివాళ్ల పెళ్లి అన్నం ఒక్క మెతుకు కూడా నా బండి ఎక్కదు. మా ఇంటి పెళ్లిదైనా సరే, ఖాజాకే ఫోన్ చేస్తాను.