పేరుకున్న ఆవపూల తేనె

జల్లెడక్క చేయి మోచేతి దాకా డబ్బాలో ఉంది. చెక్క గరిటెతో అడుగు నుంచి తేనెను గీకి పైకి తీస్తోంది. తేనె నెయ్యిలా పేరుకుపోయి, లేత పసుపు రంగులో, సన్నని పలుకుతో ఉంది. గరిటె అంచున అంటుకున్నదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపింది. వేలి వేడికే పలుకు కరిగిపోయింది. నాలుక మీద పెట్టుకుంది. ముందు పువ్వు ఘాటు తగిలింది, తర్వాత చల్లదనం, ఆ తర్వాతే తీపి.

కొట్టు వెనక గదిలో తేనె వడకట్టి సీసాల్లో నింపడం ఆమె పని. ఎవరూ నేర్పలేదు. సీసాలు కడగడానికి వచ్చింది. వడకట్టే మనిషి ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తే గుడ్డ ఆమె చేతికి వచ్చింది. మాటను కూడా వడకట్టి గానీ బయటికి వదలదని వీధివాళ్లు జల్లెడక్క అని పేరు పెట్టారు.

ఆ డబ్బాలు ఆమె మరిదివి. అతను తేనెటీగల్ని పెంచుతాడు. ఈ ఏడాది తేనెపెట్టెల్ని ఆవచేల గట్టున పెట్టాడు. ఆవపూల తేనె తొందరగా పేరుకుంటుంది, అది దాని గుణం. నింపిన సీసాలు అరల మీద ఉండగానే తెల్లగా గడ్డకట్టాయి. కొన్నవాళ్లు తిరిగి తేవడం మొదలుపెట్టారు.

ఆ పొద్దున దర్జీ వచ్చాడు. సీసాను బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"ఏంటి షావుకారూ, అడుగున పంచదార పేరుకుంది? తేనెటీగలకి సెలవిచ్చి మీరే పాకం పడుతున్నారా?"

షావుకారు వెనక గదిలోకి తొంగిచూసి ఆమెను పిలిచాడు. ఆమె చేయి తుడుచుకుంటూ వచ్చింది.

"అసలుదే. పేరుకుందంతే," అంది.

"సరుకు మీ మరిదిది. నువ్వు కాకపోతే ఇంకెవరంటారమ్మా అసలుదని!" అని నవ్వాడు దర్జీ.

వేరే ఎవరి తేనె అయినా ఆమె మాట చెల్లేది. సొంతవాళ్లదయ్యేసరికి నిజం కూడా వెనకేసుకొచ్చినట్టే వినిపిస్తుంది.

దర్జీ గ్లాసుతో నీళ్లు అడిగాడు. గడ్డకట్టిన తేనెను ఒక స్పూను వేశాడు. ముద్ద అడుగుకు పోయింది గానీ అంచులు విడిపోయి నీళ్లు మసకబారాయి. పక్క అరలో చవకగా వచ్చే మరో రకం తేనె ఉంది. ఇంకో గ్లాసు నీళ్లలో దాన్ని ఓ చుక్క వేశాడు. అది అద్దంలా మెరుస్తూ, దారం జారినట్టు సూటిగా దిగి అడుగున కూర్చుంది.

"చూశారా! తేనంటే అదీ!"

చిక్కటి పాకమైనా అలాగే దిగుతుందని జల్లెడక్కకు తెలుసు. ఆ సీసా మూత తీసినప్పుడల్లా ఆమెకు కాచిన పంచదార తప్ప ఏ పువ్వూ తగల్లేదు.

"ఒకసారి వాసన చూడన్నా," అంది.

దర్జీ చూశాడు. "తేనె వాసనే," అన్నాడు.

అతను వెళ్లాక షావుకారు గొంతు తగ్గించాడు. "నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసక్కా. కానీ సీసాకో నాలుక చొప్పున నీది కోసి కట్టివ్వలేను కదా! మీ మరిదిని డబ్బాలు తీసుకెళ్లిపొమ్మను. లేదంటే కరిగించు, మళ్లీ గడ్డకట్టకుండా."

మధ్యాహ్నం మరిది వచ్చాడు. విషయం విని, డబ్బా అంచు మీద చేయి వేసి నిలబడ్డాడు.

"పరీక్షకి పంపిద్దామండీ. కాగితం ఇస్తారు," అన్నాడు షావుకారుతో.

"ఇస్తారు బాబూ. కొనేవాడు సీసా ఎత్తి చూస్తాడు గానీ కాగితం ఎత్తి చూస్తాడా?"

జల్లెడక్క కల్పించుకుంది. "గోరువెచ్చని నీళ్లలో డబ్బా ఉంచితే నిదానంగా కరుగుతుంది. గుణం పోదు."

"మళ్లీ పేరుకోదా?" అన్నాడు షావుకారు.

ఆమె గరిటెను డబ్బా అంచుకు గీసింది. పేరుకుంటుంది. పేరుకోకూడదంటే నీళ్లలా పలచబడేదాకా కాచాలి, సన్నటి పలుకు కూడా మిగలకుండా బిగువు గుడ్డలో పిండాలి. అలా కాస్తే ముందు పోయేది వాసనే.

షావుకారు ముందు గదిలోకి వెళ్లాక మరిది నెమ్మదిగా అన్నాడు. "ఇవి వెనక్కి వస్తే కల్తీ అని ఊరంతా పాకుతుంది వదినా. ఇంకెవరూ నా తేనె ముట్టరు. పెట్టెలు అమ్ముకోవాల్సిందే."

"కాస్తే నీ తేనె కాకుండా పోతుందిరా."

"నువ్వు కాయకపోతే ఇంకెవరో కాస్తారు, మాడ్చిపెడతారు. నీ చేతిలో అయితే కాస్తయినా మిగులుతుంది."

ఆమె కుండలో నీళ్లు పోసి పొయ్యి వెలిగించింది. డబ్బాను నీళ్లలో దింపి గరిటె పట్టుకుంది. ముందు అంచులు జారాయి, తర్వాత మధ్యలో గడ్డ కదిలింది. నురుగు లేచింది, ఎప్పటికప్పుడు తీసింది. మంట పెంచాల్సిన చోట పెంచింది. గది నిండా వాసన లేచింది. ఆవచేలో నిలబడ్డట్టే ఉంది. మరిది కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు.

"ఎంత బాగుందో!"

"బాగుంది. అదంతా డబ్బాలోంచి పోతున్నదే."

ఆమె లేచి కిటికీ మూసింది. మూసినందువల్ల ఒరిగేదేమీ లేదని ఆమెకూ తెలుసు. మళ్లీ వచ్చి కలపసాగింది.

ఒక్కో డబ్బా కాగుతుంటే తేనె రంగు ముదిరింది. బిగువు గుడ్డలో పోసి, చెరో కొస పట్టుకుని మెలితిప్పారు. దారంలా సాగుతూ, తళతళలాడుతూ కిందికి దిగింది. చివరి డబ్బా అయ్యేసరికి గదిలో కాచిన వాసన ఒక్కటే మిగిలింది. ఆమె స్పూనుతో కాస్త తీసి చల్లార్చి మరిదికి ఇచ్చింది. అతను నోట్లో వేసుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు.

ఆమె ఇంకో మాట కోసం చూసింది. అతను స్పూను కడగడానికి వెళ్లాడు.

సీసాలు నింపింది. మెడల చుట్టూ తుడిచింది. మూతలు ఒక్కొక్కటీ బిగించి, బోర్లించి, కారడం లేదని చూసుకున్నాకే పెట్టెల్లో పేర్చింది. షావుకారు వచ్చి ఒక సీసాను వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ వంచి తల ఊపాడు. జల్లెడక్క ఆఖరి పెట్టెను రెండు చేతులా ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.