వెస్ట్రీ గదిలో వంతుల చదువు

మొన్న కువైట్‌లో ఉన్న మా సంఘపు చెల్లెలికి ఒక కీర్తన కంప్యూటర్‌లో టైపు చేయించి ఫైలుగా పంపాను. పంపిన కాసేపటికే ఫోన్‌లో రెండు నీలం టిక్కులు పడ్డాయి. చేరింది, చూసింది అని నిశ్చింతగా పొయ్యి దగ్గరికి పోయాను. పప్పు కుక్కర్ దించకముందే ఆమె నుంచి ఫోన్. "అక్కా, ఏందిది? అన్నీ డబ్బాలు డబ్బాలుగా వచ్చినాయి. ఒక్క అక్షరమూ ల్యా. పాడమంటావా, లెక్కబెట్టమంటావా?" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చేరడం వేరు, చెడకుండా చేరడం వేరు అని నాకు నేర్పిన ఒక ఆదివారం గుర్తుకొచ్చింది.

అది నేర్పినది మా మరదలు, అంటే మా తమ్ముని భార్య. ఆమె బెంగళూరు కంపెనీలో మెయిన్‌ఫ్రేమ్ మీద పని చేసేది. మెయిన్‌ఫ్రేమ్ అంటే పెద్ద పెద్ద ఆసుపత్రులూ బ్యాంకులూ నడిపే పాతకాలపు మహా కంప్యూటర్ అనీ, అది ఈ దేశంలో కాదు, అమెరికాలో ఉందనీ ఆమె చెప్పగా విన్నాను. కరోనా అప్పుడు ఇంటికొచ్చిన మనిషి, ఆళ్లగడ్డలో మేడ మీది గదిలో టేబుల్ వేసుకుని అక్కడి నుంచే పని చేయడానికి కంపెనీని ఒప్పించుకుంది. మా నాయన కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు. కాలం చేసిన అత్తగారి చేతి వంట కోడలు మర్చిపోయినా మామగారు మర్చిపోలేదు కాబట్టి, వాళ్లిద్దరికీ రోజూ వంటింట్లో ఒక చిన్న వాదన, తర్వాత కలిసి టీ. ఆమె పని ఏమిటో ఆయనకు అర్థం కాలేదు గానీ, అడిగిన వాళ్లకు మాత్రం "మా కోడలు అమెరికా ఆస్పత్రి నడిపిస్తాంది" అని చెప్పేవాడు.

నాయన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొన్నేళ్ల కిందట జ్వరమొస్తే ఎవరో ఒక సూది వేశారు. ఆ మందు ఆయన ఒంటికి పడదని ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. ముఖం ఉబ్బి, ఊపిరి అందక, దేవుని దయవల్ల బతికి బయటపడ్డాడు. పెద్ద డాక్టరు ఆ మందు పేరు చెప్పి, "ఇంకోసారి ఇది ఒంట్లోకి పోతే మేమేం చేయలేం" అన్నాడు. ఊరికొచ్చిన మరునాడే నాయన రాతి శిల్పులు పని చేసే చోటికి పోయి, ఆ మందు పేరు చెక్కి ఇమ్మన్నాడు. మా ఆళ్లగడ్డ రాతిపనికి పేరున్న ఊరు కదా. వాళ్లు నవ్వి, "రాతి మీద కొడితే మెడలో ఎట్లేసుకుంటావ్ పెద్దాయనా, మెడ ఇరుగుతాది" అన్నారట. అప్పుడు శెట్టి స్టీలు సామాన్ల అంగడికి పోయి, గిన్నెల మీద పేర్లు కొట్టే అబ్బాయి చేత ఒక స్టీలు బిళ్ల మీద చుక్కలు చుక్కలుగా ఆ మందు పేరూ, కింద 'పడదు' అనీ కొట్టించుకుని, నల్లదారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. అక్కడి సంఘంలో ఇద్దరు పెద్దమనుషులు అది తాయెత్తేమోనని అనుమానపడి, చివరికి ఆ చర్చి పాస్టరే కళ్లజోడు పెట్టుకుని చదివి, ఇందులో విగ్రహారాధన ఏమీ లేదని తేల్చాల్సి వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ చర్చిలో నెట్ బాగుంటాది కదా? ఈడ రోడ్డు తవ్వి వైరు తెంపేసినారు. ఫోన్ నెట్‌కు కంపెనీ తలుపే తెరుచుకోల్యా. మీ తమ్ముడు కూడా ఊర్లో ల్యాడు. మామను ఎక్కించుకుని కారులో వస్తాండా." నంద్యాలలో మా ఇల్లు చర్చి పక్కనే. కరోనా నుంచి ఆరాధనను ఫోన్లలో ప్రత్యక్షంగా చూపిస్తున్నారు గనుక, వెస్ట్రీ గదిలో, అంటే మా పాస్టరు అయ్యగారు అంగీ మార్చుకునే చిన్న గదిలో, మంచి కనెక్షన్ పెట్టించారు. ఆదివారం పూట పని ఏమిటని నా మనసు పీకింది. విశ్రాంతి దినం గురించి ఆదివారపు బళ్లో పిల్లలకు పాఠం చెప్పే దాన్ని నేనే. కానీ ఆమె కారు దిగుతూనే చెప్పిన సంగతి విన్నాక నోరు మూసుకున్నాను.

ఆ ఆసుపత్రివాళ్ల రోగుల వివరాలన్నీ పాత మెయిన్‌ఫ్రేమ్ నుంచి కొత్త సర్వర్‌కు మారుస్తున్నారు. మిగతావన్నీ పోయాయి. మిగిలింది ఒక్క ఫైలు. ఏ రోగికి ఏ మందు పడదో రాసి ఉన్న ఫైలు. మన సాయంత్రం ప్రార్థన వేళకు పాత మెషిన్‌ను మూసేస్తారు, ఆ తర్వాత అక్కడి డాక్టర్లు కొత్తదాంట్లోనే చూసి సూదులు వేస్తారు. ఫైలు సరిగా చేరిందని మా మరదలు 'సరే' అనాలి. ఆమె చెబుతుంటే నాయన చెయ్యి తనకు తెలియకుండానే మెడలో బిళ్ల మీదికి పోయింది.

అయ్యగారు ఉదారంగా వెస్ట్రీ గది ఇచ్చారు. అంతటితో ఆగక, ప్రార్థన మనవులు చదివేటప్పుడు "ఆళ్లగడ్డ నుండి వచ్చిన మన సహోదరి ఫైలు క్షేమంగా చేరునట్లు" అని కూడా చేర్చారు. ఫైలు మా చర్చి వైరు గుండానే పోతుందని మేమందరం అనుకున్నాం. వెనక వరుసలో ఒక పెద్దమ్మ తన ఫోన్‌లో నెట్ కూడా ఆపేసుకుంది, దారి ఖాళీగా ఉండాలని. నిజానికి ఆ ఫైలు అమెరికాలో ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కు పోతుంది, మరదలు ఇక్కడ నుంచి ఆజ్ఞ ఇస్తుంది, అంతే. ప్రభువు దూరాన ఉండే ఒక్క మాట సెలవిస్తే చాలు, తన ఇంట్లో దాసుడు బాగవుతాడని నమ్మిన శతాధిపతి కథ బళ్లో ఎన్నిసార్లు చెప్పానో, అయినా నాకు తట్టలేదు.

రెండో పాట జరుగుతుండగా అయ్యగారు ప్రసంగం కాగితాల కోసం వెస్ట్రీలోకి పోయారు. అదే సమయానికి మరదలి తెర మీద బదిలీ పూర్తయిందని, తప్పులు సున్నా అని పడింది. ఆయనకు అంత ఇంగ్లీషు చాలు. బయటికొచ్చి మైకు ముందు నిలబడి, "ప్రియులారా, మనం అడిగి ముగించకముందే ప్రభువు జవాబిచ్చాడు. ఫైలు చేరింది!" అన్నారు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. అందరికంటే గట్టిగా నేనే చెప్పి ఉంటాను. కువైట్ నుంచి, ఆత్మకూరు నుంచి, ఫోన్లలో చూస్తున్న వాళ్లంతా 'ఆమెన్' అని పంపుతూనే ఉన్నారు.

ఆరాధన అయ్యాక సంబరంగా వెస్ట్రీ తలుపు తీశాను. మరదలు కుర్చీ అంచున కూర్చుని ఉంది. బెంగళూరు నుంచి ఆమె మేనేజరు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "జీరో వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి? సరే అని పంపేయ్" అని అతని తొందర.

మూల కుర్చీలో నాయన కునుకు తీసి లేచి, "సున్నా వస్తే సంతోషపడతారేందే మీ ఆఫీసులో? బళ్లో నాకు సున్నా వస్తే మా నాయన తోలు తీసినాడు" అన్నాడు.

ఆమె నవ్వలేదు. నావైపు తిరిగి, "రెండో మనిషి చదివి చూడందే నేను సరే అనేది ల్యా వదినా. ఆఫీసులో నా జతగాడు జ్వరంతో పడినాడు. నువ్వొచ్చి కూర్చో. ఈడ నేను పాతదాంట్లో ఒక వరస చదువుతా, అదే వరస నువ్వు కొత్తదాంట్లో చదువు" అంది. పరాయివాళ్ల పేర్లు నేను చూడకూడదని, పేర్లున్న చోట తెర మీద ఒక కానుక కవరు అంటించింది. ఇక నాకు మిగిలినవి రోగి నంబరు, ఊరు, మందు నంబరు.

అయ్యగారు ఒక వచనం, సంఘం ఒక వచనం చదివే అలవాటు చిన్నప్పటి నుంచీ నా గొంతులో ఉంది. ఆ రాగంలోనే పడ్డాను. ఆమె చదివి ఆగేది, నేను అందుకునేదాన్ని. రోగి నంబరు కలిసింది. ఊరు కలిసింది. ఆమె మందు నంబరు చదివింది. నా వంతు వచ్చింది, నేను చదవలేకపోయాను.

"ఏమైంది వదినా?"

"ఈడ అంకెలు ల్యావే. కొక్కేలూ కొడవళ్లూ ఉన్నాయి. ఇది ఇంగ్లీషేనా?"

ఆమె వంగి చూసింది. రెండో వరస, మూడో వరస, ఆఖరి వరస కూడా చూసింది. అంతటా అదే. "అంతా పాయ" అంది, అంతే.

తర్వాత ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. పాత మెషిన్ లిపి ఒకటి, బయట సర్వర్ల లిపి ఇంకొకటి. ఫైలు పోయేటప్పుడు దారిలోనే ఒక్కో అక్షరాన్నీ ఆ లిపి నుంచి ఈ లిపికి మార్చేస్తుంది. పేర్లకూ ఊళ్లకూ అది మంచిదే. కానీ మందు నంబర్లను చోటు కలిసొస్తుందని ఆ కాలంలో ఒక్కో అక్షరం జాగాలో రెండేసి అంకెలు మడిచి కుక్కి దాచారు. అవి అక్షరాలే కావు. దారిలో మార్చే ప్రోగ్రాంకు ఆ భేదం తెలియదు, వాటినీ అక్షరాలనుకుని మార్చేసింది. ముందు పరీక్షించినప్పుడు మందుల పేర్లే అక్షరాల్లో ఉండేవి, వాటికి బదులు ఈ నంబర్ల నిలువు వరసను చివర్లో ఆసుపత్రివాళ్లు అడిగి పెట్టించారు. పైపైన చూసేవాళ్లకు పేర్లు చక్కగా కనబడతాయి. మనిషి ఉంటాడు, అతనికి పడని మందు మాత్రం ఉండదు.

ఆమె అదే సంగతి మేనేజరుతో చెప్పింది. అతను గొంతు తగ్గించి, "చూడమ్మా, ఇవాళ ఆపితే పైవాళ్లు నన్ను తింటారు. నువ్వు ఇంట్లో ఉండి చేస్తున్నావు కాబట్టే ఇలా అయిందంటారు. రేపటి నుంచి బెంగళూరులో కూర్చోమంటారు. పాడైంది ఒక్క నిలువు వరసే కదా, తర్వాత సరిచేద్దాం. ఇప్పటికి సరే అనెయ్" అన్నాడు.

ఆమె పెదవులు కొరుక్కుంటూ తెరవైపు చూస్తోంది. ఆ ఇల్లూ, మేడ మీది గదీ, మామతో టీ, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయని నాకు తెలుసు. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను గానీ ఏమని అడగాలో తెలియలేదు. అప్పుడు నాయన కర్ర పట్టుకుని లేచి ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"అప్పా, నేను ఈమె మామను. ఒక్క వరసే అంటాండావ్. ఆ ఒక్కటి తెలీకనే నన్ను చంపినంత పని చేసినారు. ఆడ ఎవురి మెడలోనూ బిళ్ల ల్యాదు కదప్పా. వాళ్ల బిళ్ల మీ ఫైలే."

మరదలు ఫోన్ అందుకుంది. "సార్, నేను సరే అనను. సాయంత్రం వరకూ టైమ్ ఉంది కదా, మడత విప్పి మళ్లీ పంపుతా. అప్పటికీ సరిగా పోకపోతే, పాత మెషిన్ మూయొద్దని నా పేరు మీదనే రాస్తా. బెంగళూరుకు రమ్మంటే వస్తా."

ఇంతలో అయ్యగారు పలకరించడానికి వచ్చి, సంగతి విని తలుపు దగ్గరే నిలబడిపోయారు. "సంఘం ముందు స్తోత్రం చెప్పేస్తిమి కదమ్మా. కువైట్‌లో కూడా చెప్పేసినారు. ఇప్పుడు ల్యాదంటే ఎట్లా?" అన్నారు దిగులుగా.

"స్తోత్రం వెనక్కి తీసుకోవద్దయ్యా. పని మళ్లీ చేస్తా" అంది ఆమె, కీబోర్డు మీద నుంచి తల ఎత్తకుండానే.

ఆయన తలుపు దగ్గరగా వేసి పోయారు. కాసేపటికి వాళ్లింటి నుంచి అన్నం, చారు, మూడు అప్పడాలు వచ్చాయి. నాయన తన అప్పడం తిని, కోడలి అప్పడం వైపు చూశాడు. ఆమె అన్నమే ముట్టలేదు. మడిచి కుక్కిన అంకెలను విప్పి మామూలు అంకెలుగా పరిచే చిన్న ప్రోగ్రాం ఒకటి రాస్తోంది. ఒకసారి రాసింది ఆగిపోయింది. ఇంకోసారి నడిచింది గానీ ఒక అంకె పక్కకు జరిగింది. కిటికీలో ఎండ గోడ ఎక్కుతుంటే నేను ఎండనే చూస్తున్నాను, ఆమె మొగం చూసే ధైర్యం లేక. బైబిల్లో రాజు ఒక్కో రేకూ కోసి కుంపట్లో పడేసిన గ్రంథపు చుట్టను ప్రవక్త మళ్లీ మొదటి నుంచీ చెప్పి రాయించిన కథ గుర్తొచ్చింది. కోపగించుకోకుండా మళ్లీ మొదటి మాట నుంచి ఎట్లా మొదలుపెట్టాడో అని ఎప్పుడూ అనుకునేదాన్ని. నా పక్కన ఒక ఆడమనిషి చన్నీళ్లు తాగి, చెమట తుడుచుకుని, అట్లాగే మొదలుపెట్టింది.

మళ్లీ పంపింది. మళ్లీ పూర్తయిందని పడింది, మళ్లీ సున్నా. ఈసారి ఎవరమూ స్తోత్రం చెప్పలేదు. ఆమె కుర్చీ నా వైపు జరిపి, "చదువు వదినా" అంది. ఆమె చదివింది, నేను అందుకున్నాను. రోగి నంబరు. ఊరు. మందు నంబరు. ఈసారి అంకెలు అంకెలుగానే కనబడ్డాయి, ఒక్కొక్కటీ గట్టిగా చదివాను. నాయన "ఆమెన్" అన్నాడు. "ఉండు మామా, ఇంకా ఉన్నాయి" అని ఆమె పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి వరసలు తీసి చదివించింది. ప్రతి దానికీ నాయన ఆమెన్ అంటూనే ఉన్నాడు. సాయంత్రం ప్రార్థన గంట మోగేటప్పటికి ఆమె 'సరే' అని పంపింది. కానుక కవరు తెర మీద నుంచి జాగ్రత్తగా ఊడదీసి, నా చేతికిచ్చి, అప్పుడు ఏడ్చింది.

అయ్యగారు సాయంత్రం ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "రేపు ఆడ ఎవురికీ ఏమీ కాకపోతే అదే సాక్ష్యమయ్యా" అంది. కంపెనీవాళ్లు ఆమెను బెంగళూరుకు పిలవనూ లేదు, మెచ్చుకోనూ లేదు. మేనేజరు ఒక బొటనవేలు గుర్తు పంపాడు. ఆళ్లగడ్డకు కారు కదులుతుంటే, చల్లారిన అప్పడాన్ని నాయన జేబులోంచి తీసి కోడలికివ్వడం చూశాను.

నాయన తర్వాత కొన్నేళ్లు బతికి, ముసలితనంతోనే, నిద్రలో ప్రభువు దగ్గరికి పోయాడు. ఆ బిళ్ల ఇప్పుడు మరదలి టేబుల్ మీద ఉంది. నిన్న ఆ కీర్తనను సరిచేయించి మళ్లీ పంపి, కువైట్ చెల్లెలిని ఫోన్‌లోనే చదవమన్నాను. ఆమె ఒక చరణం, నేను ఒక చరణం. చదువుతుంటే నాకొకటి తోచింది. ఆ సూది తర్వాత దేవుడు నాయనకిచ్చిన ఏళ్లన్నీ ఆయనకు ఏమీ కాని రోజులే. టీ, వాదన, ఆదివారం. అవి ఒక్కొక్కటిగా మా ముందు నుంచే దాటిపోతుంటే, అవి ప్రార్థనలకు జవాబులని మాకు తెలియనే లేదు.