కాళ్లు దాచుకునే విమానం

నేపాల్ కొండల్లోని సిమికోట్ విమానాల మైదానంలో బస్తాలు మోసే కర్ణే రోకాయా, అక్కడికొచ్చే ఓటర్, డోర్నియర్ అనే రెండు రకాల జంట ఇంజిన్ల విమానాలను ఇద్దరు కోడళ్లను పోల్చినట్టు పోల్చేవాడు. ఓటర్ చక్రాలు ఎప్పుడూ బయటే ఉంటాయి. డోర్నియర్ గాల్లోకి లేవగానే వాటిని కడుపులోకి లాక్కుంటుంది. "కాళ్లు దాచుకునేదాన్ని ఎలా నమ్ముతాం? మా ఓటరైతే రొట్టె మీద కూడా దిగుతుంది," అనేవాడు చెవి వెనక బీడీ సర్దుకుంటూ. "అయితే దాన్నే పెళ్లాడు అన్నా!" అనేది టీకొట్టు మాయా.

చైత్రంలో అతని భార్య ధనకలకు పేగు మెలిపడింది. పట్నం ఆసుపత్రికి చేర్చాలని ఆమెను బస్తాలు మోసే వీపు బుట్టలో కూర్చోబెట్టుకుని మైదానానికి మోసుకొచ్చాడు. ముందు డోర్నియర్ వచ్చింది. పైలట్ ఒక సీటు ఖాళీ చేయించాడు. "ఏదైతేనేం, ఎక్కించవయ్యా," అని మూలిగింది ధనకల. "ఓర్చుకో, వెనకే ఓటర్ వస్తోంది," అన్నాడు కర్ణే. డోర్నియర్ లేచి కాళ్లు ముడుచుకుంది. కాసేపటికే మబ్బు దిగి లోయ మూసుకుపోయింది. ఓటర్ రాలేదు. ధనకల ఆ బుట్టలోనే పోయింది. ఇప్పటికీ కర్ణే ఆ బుట్టతోనే బస్తాలు మోస్తాడు. రెండింట్లో ఏది మంచిదని కొత్తవాళ్లెవరైనా అడిగితే, బుట్ట బరువు మోసే నుదుటి పట్టీ పైకి జరుపుకుని, "ముందొచ్చింది," అంటాడు.