పోయిందని చెప్పిన శబ్దం

సహోదరులారా, సహోదరీలారా, ఈ మాటలు రాస్తున్న ఈ క్షణంలో కూడా నా ఎడమ చెవిలో ఆ శబ్దం వస్తూనే ఉంది, అయినా దేవుడు నాకు విడుదల ఇచ్చాడనే రాస్తున్నాను, ఇదెక్కడి సాక్ష్యం అనుకుని పత్రిక మూసెయ్యకండి, దయచేసి చివరిదాకా చదవండి!

నా పేరు రత్నకుమారి. మాది పాలకొల్లు దగ్గర, పెళ్ళై సింగపూరు వచ్చి పంతొమ్మిదేళ్ళు. బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తులో ఉంటాం. మా ఆయన ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తారు, నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను, మా అమ్మాయి గ్రేస్ చదువుకుంటోంది. ఆదివారం మా తెలుగు సంఘంలో పాటలు నడిపించేది నేనే. నా గొంతు పెద్దది, నోరు అంతకన్నా పెద్దది, ఆ సంగతి మా సంఘంలో ఎవరినడిగినా చెబుతారు.

ఆరేళ్ళ కిందట నాకు గట్టిగా జలుబు చేసి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గిన నాలుగో రోజు జాకెట్టుకి హుక్కులు కుడుతూ, "గ్రేస్, కుక్కరు కూస్తోంది, కట్టెయ్యవే!" అని కేకేశాను. అది వంటగదిలోకి వెళ్ళి వచ్చి, "వాట్ కుక్కర్ మా? స్టవ్ మీద ఏమీ లేదు లా" అంది, ఇక్కడి పిల్లల మాటల తోక ఆ "లా". నేనే లేచి వెళ్ళి చూశాను, స్టవ్ చల్లగా ఉంది, కుక్కరు బోర్లించి ఉంది, కూత మాత్రం ఆగలేదు. విజిలు వచ్చేముందు ఆవిరి సన్నగా కూస్తుంది చూడండి, అచ్చం అలాగే, అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క నిమిషం ఆగలేదు.

అయ్యో, ఆ రోజులు ఎలా గడిచాయో ఆ తండ్రికే తెలుసు! అమ్మ ఫోనులో చెప్పిన వెల్లుల్లి నూనె పోసుకున్నాను, ఎదురింటి చైనీసు ఆంటీ తీసుకెళ్తే చెవి చుట్టూ సూదులు పొడిపించుకున్నాను, కాఫీ మానేశాను, ఉప్పు మానేశాను, దిండ్లు మార్చాను, ఎవరేం చెబితే అది చేశాను. నిద్ర లేక కోపం ముక్కు మీదికొచ్చేసింది, పాపం మా ఆయన జంతిక నమిలినా "ఆ చప్పుడేమిటండీ!" అని విరుచుకుపడేదాన్ని, ఆయన సగం తిన్న జంతిక డబ్బాలో పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. పాలీక్లినిక్ అనే ఇక్కడి సర్కారు దవాఖానా వాళ్ళు పెద్దాసుపత్రికి పంపించారు, అక్కడ గాజు గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఎంతో నెమ్మదిగా చెప్పింది, వినికిడి కొంచెం తగ్గిందమ్మా, చెవికి చిన్న మిషను పెట్టుకుంటే బయటి శబ్దాలు బాగా వినపడి లోపలిది తగ్గినట్టు ఉంటుంది, పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను అని. నలభై నాలుగేళ్ళకే నేను చెవి మిషను పెట్టుకోవాలా! నాకు దేవుడున్నాడు, నాకు మిషన్లు అక్కర్లేదు అని కోపంగా లేచి వచ్చేశాను. అది విశ్వాసం అనుకున్నాను సహోదరులారా, సగానికి సగం గర్వం.

మా సంఘం కూడుకునేది హౌగాంగ్‌లో, ఒక చైనీసు చర్చి పైఅంతస్తులో, వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మూడింటికి. నా బాధ విని మా సహోదరీలు మూడు శుక్రవారాలు నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. ఎంత ప్రేమ వాళ్ళది! ఆఫీసుల్లో సెలవు పెట్టి వచ్చినవాళ్ళున్నారు, చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న తల్లి ఉంది. మూడో శుక్రవారం అందరూ నా తలమీద చేతులుంచి, చప్పట్లు కొడుతూ, ఏడుస్తూ, పాడుతూ గంటసేపు ప్రార్థించారు, ఆ హోరులో నాకు ఒక్కసారిగా చెవిలో శబ్దం వినపడలేదు! "పోయింది! పోయిందమ్మా!" అని అరిచాను. అందరూ హల్లెలూయ అంటూ నన్ను కౌగిలించుకున్నారు. అప్పటికి నేను అబద్ధం చెప్పలేదు, నిజంగానే పోయిందనుకున్నాను.

ఇంటికి వెళ్తూ రైలెక్కాను. తలుపులు మూసుకున్నాయి, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు, పెట్టె అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సన్నగా, కుక్కరు కూత.

ఎవరితో చెప్పను? అంతమంది నా కోసం కడుపు మాడ్చుకున్నారే! పైగా, పోలేదు అని నోటితో అంటే అది అవిశ్వాసమేమో, పోయింది పోయింది అంటూ ఉంటే పోతుందేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆదివారం పాస్టరు గారు ఆనందంగా నన్ను ముందుకు పిలిచారు. నిలబడ్డాను, పోయిందని చెప్పాను. అంతటితో ఆగానా? ఆగితే నేను రత్నకుమారిని ఎందుకవుతాను! ఒక వెచ్చని చెయ్యి నా చెవిని తాకినట్టయిందని, ఆ క్షణం నుంచి పసిపిల్లలా నిద్రపోతున్నానని కల్పించి కూడా చెప్పాను. ఎవరో ఫోనులో రికార్డు చేశారు, అది గ్రూపుల్లో తిరిగి తిరిగి పాలకొల్లులో మా అమ్మ వెళ్ళే సంఘం దాకా చేరింది.

తర్వాత రెండేళ్ళు నేను ఒక దొంగ బతుకు బతికాను. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళే దారి లేదు, ఎవరైనా చూస్తే? ఒక్కటే ఉపశమనం, నా కుట్టుమిషను. అది తిరుగుతున్నంతసేపూ ఆ గడగడలో కూత మునిగిపోయేది, అందుకని పని లేకపోయినా దారం తీసేసి ఊరికే నడుపుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు గ్రేస్ బడి నుంచి వచ్చి నా వెనక నిలబడి ఎంతసేపు చూసిందో ఏమో, "అమ్మా, దేర్ ఈజ్ నో క్లాత్ లా" అంది మెల్లగా. సూది పరీక్షిస్తున్నానే అన్నాను. పిల్లకు కూడా అబద్ధమే చెప్పాను.

ఇక్కడ శాంతమ్మ ఆంటీ గురించి చెప్పాలి. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు, మలేషియాలో పుట్టిన తెలుగామె, తాతముత్తాతలది శ్రీకాకుళం వైపు, ఆమె మాత్రం ఆంధ్ర ఎప్పుడూ చూడలేదు. ఇక్కడికొచ్చి బట్టలుతికే పెద్ద పెద్ద యంత్రాల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసింది. హాకర్ సెంటర్‌లో, అదే ఇక్కడి తిండి అంగళ్ళ దగ్గర, మనం బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసుకుంటాం, అంటే మనదని పట్టి ఉంచుకుంటాం కదా, ఆమె చర్చిలో కూడా అలాగే, ముందే వచ్చి తన పక్క కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టేది, ఆ కుర్చీ నాది. "పాట పాడి వొచ్చి కూకో పిల్లా" అనేది. అంత ముద్దు నేనంటే!

ఒక ఆదివారం ఆరాధనకు ముందు ఆమె నన్ను చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పిల్లా, ఎవురికీ సెప్పకు. నీకున్న సప్పుడే నాకూ ఉంది, శానా ఏళ్ళ నుంచి. నీ సాచ్చం ఇన్నాక నేనూ నీలాగే మూడు శుక్కురారాలు ఉపాసం ఉన్నాను. పోనేదు. మళ్ళీ ఉన్నాను, పోనేదు. నాలుగుసార్లు ఉన్నాను పిల్లా. నీకు తీసేసినాడు గదా, నాకెందుకు తియ్యనేదు? నామీద ఆయనకి ఏటి కోపమో నువ్వడిగి సెప్పు."

ఆమె షుగరు మనిషి సహోదరులారా! పొద్దున మాత్ర వేసుకుని ఏమీ తినకుండా సాయంత్రం దాకా మోకాళ్ళ మీద ఉంటోందట, నా మాట నమ్మి! "ప్రార్థన చేస్తాను ఆంటీ" అని మాత్రం అన్నాను, అది కూడా పిరికిమాటే. ఇంటికొచ్చి ఆమె కోడలికి ఫోను చేసి, అత్తయ్యను ఉపవాసం ఉండనివ్వకమ్మా, షుగరుకి మంచిది కాదు అని చెప్పి నా పని అయిపోయిందనుకున్నాను. అసలు మాట చెప్పకుండా తోక మాట చెప్పాను. శుక్రవారం ఆంటీ కోడలికి తిన్నానని చెప్పి, తినకుండా కిందికి దిగి, లిఫ్టు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెకు కూడా అబద్ధం నేర్పింది నేనే.

కోడలు ఫోనులో ఆ సంగతి చెప్పిన రోజు నా కుట్టుమిషను ముందు కూర్చున్నాను, నడపలేదు. కూత వినపడుతూనే ఉంది, వినపడనిచ్చాను. అన్నాళ్ళుగా ఒకటే ప్రార్థన చేసినదాన్ని, ఆ రోజు వేరే ప్రార్థన చేశాను.

"తండ్రీ, నా చెవి సంగతి తర్వాత చూద్దువు గాని. ముందు నా నోరు బాగుచెయ్యి. ఆ ముసలి తల్లి నీకు తనమీద కోపం ఉందనుకుంటోంది, నా మూలంగా అనుకుంటోంది. నా పరువు పోతే పోనీ, ఆమెను మాత్రం అలా ఉండనివ్వకు."

ఎంత ఏడ్చానో! కానీ ఏడ్చి లేచేసరికి నా ఒళ్ళు తేలికగా ఉంది, ఏం చెయ్యాలో నాకు తెలిసింది.

ఆదివారం ఆంటీ వచ్చింది, సెలైను పెట్టిన చోట దూది అంటించుకుని, అయినా పక్క కుర్చీ మీద నా టిష్యూ ప్యాకెట్ పెట్టుకుని. నేను మైకు పట్టుకున్నాను, పాట ఎత్తుకోలేదు. "ఈ మైకులోనే రెండేళ్ళ కిందట నా చెవి బాగైందని చెప్పాను. బాగవలేదు. ఆ రోజే రైల్లో తిరిగొచ్చింది. సిగ్గుపడి దాచాను. వెచ్చని చెయ్యి మాట నేను కల్పించింది. నన్ను క్షమించండి" అన్నాను. నా కోసం చంటిపిల్లతో ఉపవాసం ఉన్న తల్లి తల దించుకుంది, అది చూసి నా ప్రాణం చచ్చిపోయింది.

అంతలో, సరిగ్గా వినపడని శాంతమ్మ ఆంటీ పెద్దగా, "ఏటి? ఏటంది పిల్ల?" అని అడిగింది. కోడలు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఆంటీ నా వైపే చూస్తూ కుర్చీ పట్టుకుని లేచింది. మెల్లగా నడిచి వచ్చి, దూది ఉన్న చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

"నీకూ పోనేదా?"

"పోలేదు ఆంటీ."

"అయితే నామీద ఆయనకి కోపం నేదన్నమాట!"

అని నవ్వింది చూడండి, నవ్వుతూనే ఏడ్చేసింది, ఆ తండ్రి నా తప్పును ఆ తల్లి నవ్వుతో కడిగినట్టయింది! పాస్టరు గారు వచ్చి, "ఆ రోజు నేను నిన్ను తొందరపెట్టాను చెల్లీ, నన్ను కూడా క్షమించు" అన్నారు. చంటిపిల్ల తల్లి మాత్రం నాతో మళ్ళీ మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది, ఆమె కోపం న్యాయమే.

ఇంటికొచ్చాక మా ఆయనకు ఏం ముఖం చూపించను అని బాధపడుతుంటే ఆయనే అన్నారు, "నాకు ఎప్పుడో తెలుసు రత్నా. గుడ్డ లేకుండా నడిపితే మిషను అరిగిపోతుందని వారం వారం నూనె వేస్తున్నది ఎవరనుకున్నావ్?" జంతికల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను, తినండి, ఎంత చప్పుడైనా చేసుకోండి అన్నాను.

తర్వాత ఆంటీ, నేను ఇద్దరం కలిసి అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఇద్దరికీ చెవి మిషన్లు వచ్చాయి, పెట్టుకున్న రోజు వంటగదిలో ఆవాలు చిటపటలాడటం హాల్లోంచి వినపడి నేను స్తోత్రం అని గట్టిగా అరిచాను! కూత పోలేదు. కానీ అది ఇప్పుడు ఇంట్లో ఒక మూల కూర్చున్న చుట్టంలా ఉంది, నేను నా పని చేసుకుంటాను, నిద్రపోతాను, పాడతాను. దేవుడు నా చెవిని ఇంకా ముట్టలేదు, నా భయాన్ని ముట్టాడు, నా నోటిని ముట్టాడు. రేపు చెవిని ముడితే ఆ సంగతీ రాస్తాను, కల్పించకుండా రాస్తాను. దేవునికే మహిమ కలుగును గాక!

ఇది చదువుతున్న అక్కా, తమ్ముడూ, మీరు అడిగిన మేలు ఇంకా రాలేదా? అందరికీ వచ్చింది, నాకే రాలేదు, నామీద ఆయనకు ఏం కోపమో అని మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నారా? కోపం లేదు. నా మాట నమ్మండి, ఈసారి నిజమే చెబుతున్నాను. మా హౌగాంగ్ హాలుకి ఒక ఆదివారం రండి. మూడో వరుసలో శాంతమ్మ ఆంటీ నా కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంచుతుంది, నేను నా పక్క కుర్చీ మీద ఇంకొకటి పెడుతున్నాను. బాగైందా అని మిమ్మల్ని ఎవరూ అడగరు. ఆ ప్యాకెట్ తీసి పక్కన పెట్టి కూర్చోండి, అది మీకోసం పెట్టిందే.