పసుపు బొట్టు మీద కుంకుమ

మీరంతా కులాసానా? పెద్దవాళ్ళకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పిల్లల దగ్గు ఎలా ఉంది? ఎద్దులు మేత సరిగా తింటున్నాయా? ప్రతి ఉత్తరంలో ఇలా అందరినీ అడిగేదాన్ని, ఒక్కరిని మరిచాను. మహానంది దగ్గర కూతురింట్లో ఉంటున్న మా వడ్రంగి మామ పోయాడని మంగళవారం కార్డు వచ్చింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది, మా డోన్ వైపు మేస్త్రీలంతా అక్కడి పనులకు వెళ్ళిపోయారు. నడుము నొప్పితో మిగిలింది మా పక్కింటి ఈ వడ్రంగి మామ ఒక్కడే. మా పాత గొర్రు కొర్రలు విత్తడానికి సరిపోయేది కానీ, వేరుశనగ గింజ అందులో ఇరుక్కునేది. అందుకని మామ కొత్త గొర్రుకు పూనుకున్నాడు. ఇనుప పని కొలిమి సాయిబుది. విత్తనం పోసి చూడడం నాదీ, మా తోటికోడలిదీ. తొలి వానకు విత్తకపోతే ఆ ఏడు మాకు పంట లేనట్టే. నాకు అన్నం సయించేది కాదు.

మామ ఎవరికీ పని చెప్పేవాడు కాదు.

“ఇప్పుడేం చేయాల మామా?” అంటే, “నన్నెందుకు అడుగుతావు కోడలా? గొర్రునడుగు. యాడ నొస్తాందో అదే చెప్తాది” అనేవాడు.

గొర్రు నాతో ఏమీ చెప్పలేదు. అయినా విత్తనం పోసే చెక్కగిన్నె బెజ్జం ఇరుకనిపించి, ఎవరూ లేనప్పుడు కాస్త చెక్కాను. మర్నాడు గింజలు పోసి చూస్తే అన్నీ ఒక్కసారిగా జారి కుప్పగా పడ్డాయి. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి.

“విత్తేది కాదక్కా, ఇది కోళ్ళకు దావత్!” అన్నాడు సాయిబు.

“ఎవరు చెక్కినారు?” అంది తోటికోడలు.

“నేనే, రవ్వంత.”

“అయ్యో, నేనూ రవ్వంత గీకినానే!”

సాయిబు తల గోక్కున్నాడు. “నేను కూడా రవ్వంతే కాల్చినా.”

“మూడు రవ్వంతలు కలిపి బావి తవ్వినారు కదప్పా!” అని మామ నడుము పట్టుకుని నవ్వాడు.

నేను మబ్బు చూసి ఏడ్చాను. మామ తిట్టలేదు. నా పసుపు కుంకుమ బరిణెలు తెమ్మన్నాడు. “పని పట్టినోళ్ళు దాని మీద పసుపు పెట్టండి. అయినాక కుంకుమ. ఉత్త పసుపుంటే ఇంకొకరు ముట్టుకోగూడదు.”

“మరి నేను?” అన్నాడు సాయిబు.

“పట్టినాక బొగ్గు, అయినాక సున్నం. నీ కొలిమిలో బొగ్గుకు కరువా?”

కొత్త గిన్నె అలా తయారైంది. ఒళ్ళంతా బొట్లతో ఉన్న గొర్రును చూసి దారిన పోయే ముసలామె చెప్పులు విడిచి దండం పెట్టింది. వాన పడిన మర్నాడు మా ఆయన ఎద్దులు తోలితే, గింజలు ఒక్కొక్కటే పడ్డాయి. నేను వంగి వంగి గిన్నె కింది గొట్టాల్లోకి చూస్తూ నడిచాను. గట్టు మీంచి మామ అరిచాడు: “గింజలు బాగానే పడ్తాండాయి, నువ్వు పడొద్దు కోడలా!”

ఆ గొర్రు ఎవరు చేశారని అడిగినవాళ్ళకు మామ మా ముగ్గురినీ చూపించేవాడు.

కార్డు చివర కూతురు రాసింది: మంచం పక్కన సగం తొలిచిన గొర్రు గిన్నె ఉందట, దాని మీద పసుపు బొట్టు. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదట.

వచ్చే శుక్రవారం పొద్దుటి రైలుకు ముగ్గురం వెళ్తున్నాం. సాయిబు సున్నం తెస్తానన్నాడు, తోటికోడలు కుంకుమ తెస్తానంది, నేనూ నా కుంకుమ బరిణె మూట కట్టాను. మిగతా సగం తొలిచేది ఎవరో రైలు దిగేలోపు తేల్చుకోవాలి. లేకపోతే మళ్ళీ ముగ్గురం రవ్వంత, రవ్వంత చెక్కేస్తామేమోనని నా భయం.