నిలువు కొలత

అక్క ఎత్తూ నా ఎత్తూ ఒకటే. నాకంటే పెద్దదైనా ఆమె పరికిణీలు నాకు అంచు మడవకుండానే సరిపోయేవి. ఆ ఏడు ఎండల్లో ఆమెకు దగ్గులో నెత్తురు పడింది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంట్లోనే చూసుకోండని పంపేశారు.

పట్నంలో, చూలై పేటలో మాది రెండు గదుల ఇల్లు. నాన్న వీధి చివర అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. గాలి తగులుతుందని అక్కను ముందు గదిలో పడుకోబెట్టాము. అప్పుడే అమ్మ మొక్కుకుంది, సముద్రం ఒడ్డునున్న వేళాంగణి గుడి దాకా నడిచి వెళ్లి ఆరోగ్యమాత ముందు అక్క నిలువెత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని.

అలా మొక్కుకున్నవాళ్లు జబ్బుపడ్డ మనిషిని దారంతో కొలిచి, ఆ దారం వెంటపెట్టుకుని నడుస్తారు. అక్కడి అంగళ్లలో దారం చూపిస్తే అంత పొడుగు కొవ్వొత్తి పోసి ఇస్తారు. అక్కకు లేచి నిలబడే ఓపిక లేదు. అమ్మ చాప మీదే ఆమె కాళ్లు చాపించి, నడినెత్తి నుంచి మడమ దాకా పూలు కట్టే దారం లాగి తెంపింది. పాదాల వైపు కొన నేను పట్టుకున్నాను. చక్కిలిగిలి పుట్టి అక్క కాలు ముడుచుకుంది. మళ్లీ చాపించాల్సి వచ్చింది. అమ్మ ఆ దారాన్ని జపమాలకు చుట్టి రొంటిన దోపుకుంది.

అక్క దగ్గర నాన్నా నాయనమ్మా ఉంటారు. అమ్మకు తోడు నన్ను పంపమన్నది అక్కే. కొత్తవాళ్ల మధ్య నాకు నోరు పెగలదని ఆమెకు తెలుసు, అయినా పంపింది. బయల్దేరే ముందు నన్ను దగ్గరికి పిలిచింది.

“ఆడి సముద్రం మన సముద్రం మాదిరే ఉంటాదా, చూసొచ్చి చెప్పు. పుస్తకంలో మాదిరి చెప్పబాకు. చూసింది చెప్పు.”

మా గుడి నుంచి బయల్దేరిన గుంపులో, పక్కపేట పురసవాక్కంలో ఇడ్లీలు అమ్మే ఒక ముసలామె ఉండేది. ఆ దారి ఆమెకు కొట్టినపిండి. అందరం అవ్వా అనే పిలిచేవాళ్లం. జెండా పట్టినవాళ్లు ముందు నడిచేవారు, వెనక జపమాల చెబుతూ మేము. ఎండ ముదిరితే చింతచెట్ల కింద ఆగడం, పొద్దు వాలితే మళ్లీ నడక. ఊళ్లలో ఆడవాళ్లు నీళ్ల మజ్జిగ పోసేవారు. మా దేవుడు వాళ్ల దేవుడు కాకపోయినా, తమ బిడ్డల పేర్లు చెప్పి అక్కడ తలుచుకొమ్మనేవారు.

నా కాళ్లు బొబ్బలెక్కాయి. అవ్వ ఆముదం రాస్తూ, పట్నం కాళ్లకు పల్లకీ కావాల, యాడ తెచ్చేది అని ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది తప్ప దారిలో ఎవరితోనూ నేను మాట్లాడింది లేదు. ఆగిన చోటల్లా అక్కకు చెప్పాల్సినవి పెన్సిలుతో రాసుకునేదాన్ని. ఉప్పుమళ్లలో నీళ్లు ఎండలో తెల్లబడటం, నాట్లు వేసే ఆడవాళ్లు నడుం ఎత్తి మా పాట వినడం.

చిదంబరం సత్రంలో పొద్దున్నే గంజి కాస్తున్నారు. అమ్మ చెమటకు తడిసిన దారాన్ని విప్పి ఆరబెడుతుంటే అవ్వ చూసింది.

“ఎట్ట కొలిచినావమ్మా బిడ్డని?”

“పండుకోబెట్టే కొలిచినా. లేసే ఓపిక్లేదు అవ్వా.”

అవ్వ గరిటె తిప్పడం ఆపింది. చెప్పాలా వద్దా అనుకున్నట్టుంది.

“పండబెట్టి కొలిచేది శవప్పెట్టెకు తల్లీ. మొక్కుకు నిలబెట్టి కొలవాల.”

అమ్మ మొహం చూడలేకపోయాను. వెనక్కి పోవడానికి లేదు, పోయినా అక్క నిలబడలేదు. అమ్మ చాలాసేపు దారం వైపే చూసి, నన్ను పిలిచింది.

“మే, ఈడ నిలబడు.”

సత్రం గోడకు నన్ను ఆనించింది. అవ్వ ఇచ్చిన కొత్త దారం నా నడినెత్తి మీద పెట్టి మడమ దాకా లాగింది. నేను ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడ్డాను. అక్క అలా నిలబడి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయి, చేసుకోలేకపోయాను. పాత దారాన్ని అమ్మ గంజి పొయ్యిలో వేసింది.

ఆ రోజు నుంచి అమ్మ నడక మారింది. కొళ్ళిడం ఏటి వంతెన మీద మొదటిసారి అందరితో గొంతు కలిపి పాడింది.

వేళాంగణిలో కొవ్వొత్తి నా తలదాకా ఉంది. గుడిదాకా నేనే మోశాను. ఎండకు అది నడుమ కొద్దిగా వంగితే, అమ్మ రెండు చేతులతో నిమిరి నిమిరి సరిచేసింది. వెలిగించాక సముద్రం దగ్గరికి వెళ్లాను. మట్టిరంగు నీళ్లు, చిన్న అలలు. మన సముద్రమంత చప్పుడు లేదు. గొప్పగా చెప్పడానికేమీ లేదు. అదే చెబుదామనుకున్నాను.

రైల్లో ఎగ్మూరు స్టేషనుకు వచ్చి, జట్కా కట్టించుకుని ఇల్లు చేరాము. పనిరోజు. అయినా నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ముందు గది కడిగేసి ఉంది. చాప లేదు. దారిలో ఉన్నవాళ్లకు ఏ ఊరికని కబురు పంపేదని నాన్న అన్నాడు, అదీ మమ్మల్ని అడుగుతున్నట్టు.

అమ్మ ఏడవకముందు ఒకటే అడిగింది, ఏ రోజు అని. శుక్రవారం, దీపాలు పెట్టే వేళ అన్నాడు నాన్న. మేము చిదంబరం సత్రంలో గంజి తాగి బయల్దేరింది ఆ శుక్రవారం పొద్దునే. అమ్మ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

సమాధుల తోటలో అక్క దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్లినప్పుడు సముద్రం సంగతి చెప్పాను. చూసింది చూసినట్టే, నాలుగు మాటల్లో.

అవ్వ పలకరించడానికి వచ్చినప్పుడు అందరూ అనే మాటే అంది, ఆరోగ్యమాత ఎందుకిట్ట చేసిందోనని. అమ్మ ఆ మాటను సాగనివ్వలేదు.

“ఆయమ్మ తప్పేం లేదవ్వా. నేను ఎవుర్ని కొలిచి ఇచ్చినానో ఆ బిడ్డనే నాకు మిగిల్చింది.”

వంటింట్లో నేను ఉన్న సంగతి అమ్మకు తెలుసో తెలియదో. నేను అడగలేదు. తర్వాత ఒకసారి నాకు జ్వరం వచ్చి, పగటిపూట ముందు గదిలో చాప వేసుకుని కాళ్లు చాపి పడుకున్నాను. అమ్మ బిందె దించి పరుగున వచ్చి, నా చంకల్లో చేతులు వేసి లేపి, గోడకు ఆనించి నిలబెట్టింది. ఒళ్లు కాలిపోతోంది, కాళ్లు వణుకుతున్నాయి. అమ్మ చేతులు తీసేదాకా అలాగే నిలబడ్డాను.