పావుగంట అత్తగారు

మా అత్తగారు ఒడీల్ పిలిచిన టైముకి ఎవరింటికీ వెళ్ళి ఎరగరు. అలాగని గంటలు గంటలు ఆలస్యం చేసే మనిషీ కాదు. సరిగ్గా పావుగంట. పన్నెండింటికి భోజనానికి రమ్మంటే, పన్నెండుంపావుకి నరసాపురంలో మా గేటు చప్పుడయ్యేది. ఒక్క నిమిషం అటూ ఇటూ ఉండేది కాదు.

కాకినాడ గ్యాస్ కంపెనీ ఆఫీసులో నాతో పనిచేసే లూక్‌ని చేసుకుంటానని నేనన్నాక, 2001 వేసవిలో అతని అమ్మానాన్నలు ఫ్రాన్స్ నుంచి దిగారు. మా వెనక వీధిలో ఒక మేడ నెల రోజులకి అద్దెకి తీసుకున్నారు. వాళ్ళ షోకు చూడ్డానికి వీధి వీధంతా అరుగుల మీదకి వచ్చేది. మే నెల ఎండలో మామగారు రెనే ఇస్త్రీ నలగని తెల్ల కోటు వేసుకుని, జేబులో నీలం రుమాలు పెట్టుకునేవారు. అత్తగారికి రోజుకో టోపీ, దానికి తగ్గ చెప్పులు. బుగ్గలైతే మందారాల్లా ఉండేవి.

మా ఇంట్లో మాట మా అమ్మ రత్నమాణిక్యానిది. నాన్న పని తలూపడం వరకే. అమ్మ దృష్టిలో అరగంట ముందొచ్చి వంటింట్లో పీట వాల్చుకునేవాళ్ళే అయినవాళ్ళు. అత్తగారి పావుగంట ఆ బుగ్గలకి రంగు పూయడానికే సరిపోతోందని ఆవిడ తేల్చేసింది. అట్టు చల్లారిపోయిందని ఒకరోజు, పులుసు మళ్ళీ వెచ్చబెట్టాల్సొచ్చిందని ఒకరోజు గొణుగుడు.

చివరికి ఓ ఎత్తు వేసింది. పన్నెండింటి భోజనానికి పావుతక్కువకే రమ్మంది. అత్తగారు ఠంచనుగా పన్నెండింటికి వచ్చారు. ఆ రోజు అమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. కానీ మా లూక్ నోట్లో నువ్వుగింజ నానదు. అసలు భోజనం ఎన్నింటికో వాళ్ళమ్మకి చెప్పేశాడు. మర్నాడు మళ్ళీ పన్నెండుంపావే.

తాంబూలాల రోజు వచ్చింది. ముహూర్తం పదీ ఇరవైకి. వాళ్ళని పదింటికి రమ్మన్నాం. ముందురోజు సాయంత్రం అమ్మ పూలు కడుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"చూడవే, రేపు చుట్టాలందరి ముందూ నేను గుమ్మంలో ఎదురుచూస్తూ నిలబడను. పదింటికి రాకపోతే తాంబూలాలు మార్చుకోను. మనల్ని లెక్కచెయ్యని ఇంటికి పిల్లనివ్వడం నా వల్ల కాదు."

అమ్మ అన్నదంటే అన్నట్టే.

తెల్లారేసరికి, వంటకి కుదిర్చిన పాపాయమ్మగారికి జ్వరమని కబురొచ్చింది. పులిహోర, పులుసు, బూరెలు, అన్నీ అమ్మ నెత్తినే పడ్డాయి. అయినవాళ్ళంతా అరగంట ముందే దిగి హాల్లో కాఫీలు అడుగుతున్నారు. గడియారం పది కొట్టేసరికి అమ్మ నూనె మరకల చీరతో, పిండి చేతులతో మూకుడు ముందే ఉంది. తలెత్తకుండా, వచ్చారా అని అడిగింది. నేను పెరటి దారిన పరిగెత్తాను.

వీధి మలుపులో చిట్టియ్య సోడా బండి పక్కన, నిండు ఎండలో నిలబడి ఉన్నారిద్దరూ. మామగారి చేతిలో పూలగుత్తి. అత్తగారు గడియారం చూసుకుంటున్నారు.

"రోజూ ఇంతేనండి," అన్నాడు చిట్టియ్య. "మీ ఇంటికి వచ్చేముందు ఇక్కడ పావుగంట నిలబడతారండి. స్టూలు వేసినా కూర్చోరు, బట్టలు నలుగుతాయనేమో."

ఆ బుగ్గల ఎరుపు ఎండ పెట్టిందని అప్పుడు తెలిసింది నాకు. లోపల అమ్మ ఎదురుచూస్తుంటే ఇక్కడ నిలబడ్డారేంటని, వచ్చీరాని ఫ్రెంచిలో అడిగాను. అత్తగారు నన్ను వింతగా చూశారు.

"మీ అమ్మగారు ఇంకా పొయ్యి దగ్గరే ఉంటారు కదా. మేము టైముకి వచ్చేస్తే ఆవిడ ఆ చీరతోనే తలుపు తియ్యాలి. ఈ పావుగంట ఆవిడది. మా వైపు దీన్ని ఎవరూ ముట్టుకోరు."

నాకు సిగ్గేసింది. మా ఇంట్లో ఏ శుభకార్యం ఫొటోలోనూ అమ్మ ఉండదు. ఉన్నా, వంటింటి గుమ్మంలో కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉంటుంది. ఆ సంగతి ఇన్నేళ్ళూ అయినవాళ్ళకెవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు.

పరుగున వెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చిల్లుల గరిటె నా చేతిలో పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. పెళ్ళికూతుర్ని, పట్టుచీర ఎగదోపుకుని నేను బూరెలు వేయించాను. ఎనిమిది నిమిషాల్లో అమ్మ ఆకుపచ్చ పట్టుచీరలో, తలలో పూలతో వచ్చింది.

"ఇంకా మూడు నిమిషాలున్నాయే. ఏం చెయ్యను?" అంది.

చెయ్యడానికి ఏమీ లేదు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంది. తన ఇంట్లో శుభకార్యానికి అమ్మ ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి.

పదుంపావుకి గేటు చప్పుడైంది. అమ్మే ఎదురెళ్ళి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇకమీదట ఆ ఎండలో నిలబడొద్దని చెప్పవే. చిట్టియ్యని గొడుగు వెయ్యమందాం."

నేను ఫ్రెంచిలోకి మార్చబోతుంటే మోచెయ్యి పట్టి ఆపింది.

"త్వరగా మాత్రం రావద్దని చెప్పు."